పొయ్యి ఆరితే బూడిద మిగలాలి కదా, బిలం ఎలా మిగులుతుంది?

పాకాల పంతులు | శనివారం రాత్రి 8:40

సభ్యులందరికీ నమస్కారం. నేను పాకాల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతిలో గురుత్వాకర్షణ పాఠం ముగించాక ఇంకా పది నిమిషాల వ్యవధి ఉంటే కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) మాట ఎత్తాను. "పెద్ద నక్షత్రంలో ఇంధనం అయిపోతే అది కృష్ణబిలంగా మారుతుంది" అని నల్లబల్ల మీద రాసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకొన్నాను. చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "సార్, పొయ్యిలో కట్టెలు అయిపోతే బూడిద మిగులుతుంది, అంతే గానీ వంటింట్లో గుంట పడదు కదా. నక్షత్రం ఆరితే బిలం ఎందుకు పడుతుంది?" అని అడిగింది.

తరగతంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా దగ్గర ఉన్నది పుస్తకంలోని వాక్యమే తప్ప సమాధానం కాదని ఆ క్షణంలో తెలిసివచ్చింది. సోమవారం చెబుతానని మాట ఇచ్చాను. సూత్రాలు లేకుండా, అయినా తప్పు లేకుండా, పల్లెటూరి పిల్లకు అర్థమయ్యేలా దీన్ని ఎలా చెప్పాలో తెలిసినవారు దయచేసి రాయండి.

ప్రకాశం రోడ్డు | శనివారం రాత్రి 9:25

మాస్టారూ, నేను తిరుపతిలో ముప్పయ్యేళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఇంత మంచి ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. ఆ అమ్మాయి పోలికలో తప్పేమీ లేదు, నక్షత్రంలోనూ బూడిద మిగులుతుంది. తేడా అంతా ఆ బూడిద దేని మీద కూర్చుంటుందన్న దగ్గరే ఉంది.

మన ఇంటి పొయ్యి కింద నేల ఉంది. కట్టెలు కాలినా, ఆరినా, బూడిద ఆ నేల మీద పడి ఉంటుంది. నక్షత్రానికి నేల లేదు. పై పొర కింది పొర మీద, ఆ పొర దాని కింది పొర మీద, అలా నట్టనడుమ దాకా నక్షత్రం తన బరువును తానే మోసుకుంటుంది. సూర్యుడి నడిమధ్యలో ఉష్ణోగ్రత సుమారు కోటిన్నర డిగ్రీలు. ఆ వేడికి అటూ ఇటూ పరుగెత్తే కణాలు బయటికి తోసే తోపుడే పైనున్న బరువును నిలబెడుతోంది. అయితే ఆ వేడి నిత్యం పైకి కారిపోతూ ఉంటుంది, మన పెరట్లో వడియాలు ఎండేది ఆ కారిపోయిన వేడితోనే. కారిపోయినంతా మళ్లీ భర్తీ కావడానికి సూర్యుడిలో ప్రతి సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది, అందులో సుమారు 40 లక్షల టన్నుల ద్రవ్యరాశి శక్తిగా వెలుపలికి పోతోంది. కాబట్టి నక్షత్రంలో మంట చేసేది దీపం పని కన్నా దూలం పని ఎక్కువ.

ఇంధనం అయిపోయినప్పుడు వెంటనే కూలిపోతుందనుకోవడం పొరపాటు. హైడ్రోజన్ తగ్గగానే నడిమి భాగం కుంగుతుంది, కుంగిన కొద్దీ మరింత వేడెక్కుతుంది, ఆ వేడికి అంతవరకూ బూడిదగా పడి ఉన్న హీలియమే కొత్త ఇంధనమై కార్బన్‌గా మారడం మొదలుపెడుతుంది. ఒక మంట బూడిద తరువాతి మంటకు కట్టె అవుతుందన్నమాట. సూర్యుడికి 25 రెట్లు బరువున్న నక్షత్రాన్ని తీసుకుంటే, లెక్కల ప్రకారం హైడ్రోజన్ దశ దాదాపు 70 లక్షల ఏళ్లు, హీలియం దశ సుమారు 5 లక్షల ఏళ్లు, కార్బన్ దశ ఆరు వందల ఏళ్లు, నియాన్ దశ ఒక ఏడాది, ఆక్సిజన్ దశ ఆరు నెలలు, సిలికాన్ దశ ఒకే ఒక్క రోజు నడుస్తాయి. ఆ చివరి రోజు మిగిలే బూడిద ఇనుము. దాని దగ్గర కథ మలుపు తిరుగుతుంది. కళ్లు మొరాయిస్తున్నాయి, అది రేపు రాస్తాను.

చెరకుతోట | శనివారం రాత్రి 10:05

నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే, వ్యవసాయం చేసుకుంటూ చిత్తూరు పక్కన గానుగ నడుపుతాను. పెద్దాయన చెప్పింది చదువుతుంటే మా బెల్లం పెనమే కళ్లముందు కదిలింది. చెరకురసం కాగేటప్పుడు పొంగు పెనం అంచుదాకా లేస్తుంది. ఆ పొంగును పైన నిలబెట్టేది కింద మంటే. పిప్పి ఎగదోయడం ఒక్క నిమిషం ఆపితే చాలు, పొంగు దానంతటదే కిందికి కూర్చుంటుంది. కూర్చున్న రసం మొదటి రసం కన్నా చిక్కగా ఉంటుంది. నక్షత్రం కూడా ఇలాగే కుంగుతుందని ఆ పాపకు చెప్పవచ్చునా?

ప్రకాశం రోడ్డు | ఆదివారం ఉదయం 6:50

తప్పకుండా చెప్పవచ్చు, నాకు ఇన్నేళ్లలో తట్టని పోలిక ఇది. రెండు హెచ్చరికలు మాత్రం జోడించాలి. మీ పెనానికి ఇనుప అడుగు ఉంది, నక్షత్రానికి లేదు. మీ రసం కూర్చున్న కొద్దీ చల్లారుతుంది, నక్షత్రం నడిమి భాగం కుంగిన కొద్దీ వేడెక్కుతుంది. ఈ రెండో సంగతి డిగ్రీ పిల్లలకు కూడా ఒక పట్టాన మింగుడుపడేది కాదు.

ఇక ఇనుము. తేలిక కేంద్రకాలు కలిసినప్పుడు శక్తి వెలువడుతుంది, కాని ఇనుము దాకా వచ్చాక ఇంకా కలపాలంటే మనమే ఎదురు శక్తి పెట్టాలి. కాబట్టి ఇనుము మళ్లీ కట్టెగా మారని బూడిద. అసలైన బూడిద అదే. చుట్టూ సిలికాన్ కాలుతున్న కొద్దీ నడుమ ఇనుప ముద్ద పెరుగుతుంది. దాన్ని ఇప్పుడు మోసేది వేడి కాదు, ఎలక్ట్రాన్లు. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదన్న పౌలీ నియమాన్ని మన పదకొండో తరగతిలో పరమాణు నిర్మాణం కోసం చదువుకుంటాం. ఎంత నొక్కినా ఎలక్ట్రాన్లు ఒకదానిమీద ఒకటి పడుకోవడానికి ఒప్పుకోవు, ఆ మొండితనమే ఒక తోపుడుగా పనిచేస్తుంది. సూర్యుడి లాంటి చిన్న నక్షత్రాల్లో మంట ఆరాక మిగిలే కార్బన్, ఆక్సిజన్ బూడిదను కూడా ఇదే నిలబెడుతుంది. భూమి అంత పరిమాణంలో సూర్యుడిలో సగానికి పైగా బరువు మూటకట్టిన ఆ బూడిద ముద్దనే శ్వేతకుబ్జం అంటాం. మాస్టారూ, మీ అమ్మాయి ఆశించిన బూడిద అదే, మన పాలపుంతలో నక్షత్రాల్లో అత్యధిక భాగం చివరికి అలాగే మిగులుతాయి. బిలం కావడమే అరుదు.

ఎలక్ట్రాన్ల మొండితనానికి కూడా ఒక హద్దు ఉందని లెక్కవేసినవాడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో, ఇంకా ఇరవై నిండకముందు, పై చదువుకు ఇంగ్లండు వెళుతూ ఓడలో కూర్చుని ఆ లెక్క మొదలుపెట్టాడు. బరువు పెరిగిన కొద్దీ ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరవుతాయి, అంతకన్నా వేగం పెంచుకోలేవు కాబట్టి తోపుడు బరువుతో సమానంగా పెరగలేదు. సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటిన బూడిద ముద్దను ఎలక్ట్రాన్లు మోయలేవు. 1935 జనవరిలో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో ఆయన ఈ సంగతి చెబితే, నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ప్రకృతిలో ఏదో నియమం అడ్డుపడి తీరుతుందని అప్పటి ప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ అందరి ముందూ కొట్టిపారేశాడు. అలాంటి నియమం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి 1983లో వచ్చింది.

అలిపిరి మెట్టు | ఆదివారం ఉదయం 11:15

నేను తిరుపతిలోనే సాపేక్షతా సిద్ధాంతం మీద పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. ఇనుప ముద్ద ఆ హద్దు దాటాక ఏమవుతుందో నేను కొనసాగిస్తాను, తప్పులుంటే సార్ సరిదిద్దాలి.

అప్పటివరకు లక్షల ఏళ్లు పట్టిన కథ ఇక సెకను లోపల ముగుస్తుంది. ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలోకి నొక్కుకుపోయి న్యూట్రాన్లు అవుతాయి. మోస్తున్న ఎలక్ట్రాన్లే మాయమయ్యేసరికి ముద్ద మరింత వేగంగా కూలుతుంది. దాని వెలుపలి భాగం సెకనుకు దాదాపు 70,000 కిలోమీటర్ల వేగంతో లోపలికి పడుతుంది. న్యూట్రాన్లు ఒకదానికొకటి తగిలేంత దగ్గరయ్యాక కూలడం హఠాత్తుగా ఆగి, వెనక్కి తన్నుతుంది. ఆ తాకిడికి న్యూట్రినోలనే అతి తేలికైన కణాల ఒత్తిడి తోడైతే పై పొరలన్నీ చెదిరిపోతాయి, అదే సూపర్‌నోవా. 1987 ఫిబ్రవరి 23న మన పాలపుంత పక్కనున్న పెద్ద మెగెల్లానిక్ మేఘం అనే చిన్న గెలాక్సీలో పేలిన నక్షత్రం నుంచి పాతికకు అటూ ఇటూ న్యూట్రినోలు భూమి మీది పరికరాలకు చిక్కాయి. అవి మన కంటికి వెలుగు కనబడడానికి కొన్ని గంటల ముందే చేరాయి.

లోపల మిగిలిన న్యూట్రాన్ ముద్ద, అంటే న్యూట్రాన్ తార, అడ్డకొలత పాతిక కిలోమీటర్లకు మించదు. రేణిగుంట నుంచి చంద్రగిరి దాకా వచ్చే దూరంలో సూర్యుడి కన్నా ఎక్కువ బరువు ఒదిగి ఉంటుంది. న్యూట్రాన్ల మొండితనానికీ ఒక హద్దు ఉంది, అది సూర్యుడికి రెండు రెట్లు దాటి మూడు రెట్ల లోపల ఎక్కడో ఉంటుంది. పేలుడు బలహీనమై పై పొరలు మళ్లీ వెనక్కి పడినా, అసలు పేలుడే జరగకపోయినా, ముద్ద ఆ హద్దు దాటుతుంది. దాటితే మోయడానికి ప్రకృతిలో మనకు తెలిసిన తోపుడు మరొకటి లేదు. 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ అనే శాస్త్రవేత్తలు లెక్కకట్టి చూపినది ఇదే: కూలుతున్న ముద్ద ఒక కొలతకు లోబడగానే దానినుంచి వెలుగు కూడా బయటికి రాదు.

ఆ కొలతను కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1916లోనే ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి రాబట్టాడు. సూర్యుడంత బరువుకు అది 3 కిలోమీటర్ల వ్యాసార్ధం, పది సూర్యుళ్ల బరువుకు 30 కిలోమీటర్లు. భూమినంతటినీ నొక్కితే 9 మిల్లీమీటర్లు, అంటే గోళీకాయకు అటూ ఇటూ.

కాబట్టి బిలం అన్న మాటే ఆ అమ్మాయిని తప్పుదారి పట్టించింది. అక్కడ గుంట లేదు, బూడిద మొత్తం అక్కడే ఉంది. దానిని పట్టి నిలపగల నేల మాత్రం ఏదీ మిగలలేదు.

చెరకుతోట | ఆదివారం మధ్యాహ్నం 1:30

అమ్మా, మరి మన ఆరుద్ర సంగతి? ఆ కార్తె పేరు చెప్పుకొని విత్తనం వేసేవాళ్లం మేము. 2020 మొదట్లో ఆ నక్షత్రం మసకబారితే, పేలబోతోందని టీవీలో ఒకటే గోల చేశారు.

అలిపిరి మెట్టు | ఆదివారం మధ్యాహ్నం 2:10

ఆర్ద్ర ఎప్పటికైనా పేలవలసిందేనండి, ఇంకా లక్ష ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. 2020లో మసకబారడానికి కారణం అది కక్కిన వాయువు చల్లబడి ధూళిగా మారి మనకు అడ్డం రావడమేనని తరువాత తేలింది. దాని బరువు పదిహేను సూర్యుళ్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది కనుక న్యూట్రాన్ తారగా మిగిలే అవకాశమే ఎక్కువ. ఇన్ని సూర్యుళ్ల బరువు దాటితే తప్పకుండా కృష్ణబిలమే అని గీత గీయడం కుదరదు. నక్షత్రం బతికినన్నాళ్లు గాలిలా ఎంత పదార్థాన్ని విదిలించుకుంది, పక్కన జంట నక్షత్రం ఉండి ఎంత లాక్కుంది అన్నవాటిని బట్టి ఒకే బరువున్న రెండు నక్షత్రాల గతి వేరు కావచ్చు.

కాణిపాకం క్రాస్ | ఆదివారం సాయంత్రం 5:45

నేను బ్యాంకు ఉద్యోగిని, లెక్క తేలనిదే దేనినీ నమ్మను. రెండు సందేహాలు. అన్నింటినీ మింగే వస్తువు ఒకటి ఉంటే ఇంతకాలంలో పాలపుంతను మొత్తం మింగి ఉండాలి కదా. వెలుగు కూడా బయటికి రానిదాన్ని ఎవరూ చూడలేరు కదా, చూడనిదాన్ని ఉందని ఎలా రాస్తున్నారు?

ప్రకాశం రోడ్డు | ఆదివారం సాయంత్రం 6:30

మొదటి సందేహానికి నేను జవాబు చెబుతాను. ఈ క్షణాన సూర్యుడు అంతే బరువుతో కృష్ణబిలంగా మారిపోతే (మారడు, అంత బరువు లేదు) 8 నిమిషాల 20 సెకన్ల తరువాత మనకు చీకటి పడుతుంది, ఆ తరువాత చలి కమ్ముకుంటుంది. భూమి మాత్రం 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో అదే దారిలో, అదే 365 రోజుల లెక్కన తిరుగుతూనే ఉంటుంది. దూరాన ఉన్నవారికి లాగుడు బరువును బట్టే తెలుస్తుంది, ఆ బరువు ఎంత చిన్న మూటలో ఉందన్నది అంటదు. దగ్గరికి వెళ్లగలగడంలోనే తేడా. సూర్యుడి దగ్గరికి వెళితే 7 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉపరితలం అడ్డుపడుతుంది; అంతే బరువున్న కృష్ణబిలానికి 3 కిలోమీటర్ల దాకా పోవచ్చు. అక్కడి లాగుడు వేరు.

అలిపిరి మెట్టు | ఆదివారం సాయంత్రం 7:05

ఆ 3 కిలోమీటర్ల హద్దునే ఘటనా దిగంతం అంటాం. అది గోడ కాదు, పొర కాదు, అక్కడ తాకడానికి ఏమీ ఉండదు. మా ఊరి పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఘాట్ రోడ్డును వాడుకుంటాను. కొండకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు; అలిపిరి తనిఖీ దాటి ఎక్కే దారిలో పడ్డ బండి మధ్యలో వెనక్కి తిరగడానికి వీల్లేదు. హద్దు దాటిన చోట రోడ్డు ఎప్పటిలాగే కనిపిస్తుంది, కాని దిశ ఒక్కటే మిగులుతుంది.

కాణిపాకం క్రాస్ | ఆదివారం సాయంత్రం 7:20

మొన్న నా కారు ఎక్కే దారిలో ఏడో మలుపు దగ్గర వేడెక్కి గంటసేపు ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు సరే, ఆగడానికి వీలైంది కదా. కృష్ణబిలంలో ఇంజను బలంగా ఉంటే ఒకచోట ఆగి నిలవలేమా?

అలిపిరి మెట్టు | ఆదివారం రాత్రి 8:00

మీ కారు నా పోలికలోని లోపాన్ని పట్టుకుంది. దిగంతం లోపల ఆగడం కూడా కుదరదు. అక్కడ రోడ్డే నడుస్తున్నట్లు లెక్క, అదీ కాంతి కన్నా వేగంగా లోపలికి. ఇంకా సరిగా చెప్పాలంటే, లోపలికి పడినవారికి కేంద్రం ముందున్న ఒక చోటు కాదు, రాబోయే ఒక ఘడియ. మనం తూర్పుకు నడిచినా, పడమటికి నడిచినా, కదలకుండా మంచమెక్కినా రేపు వచ్చి తీరుతుంది కదా, అలాగే వస్తుంది. పది సూర్యుళ్ల కృష్ణబిలంలో ఆ రేపటికి వ్యవధి సెకనులో ఐదు వేలవ వంతు కన్నా తక్కువ. ఏ ఇంజనూ దాన్ని పొడిగించలేదు.

చివర ఏముంటుందన్న దానికి సమీకరణాలు సాంద్రత అనంతం అని జవాబిస్తాయి, అంటే ఆ సమీకరణాల చెల్లుబాటు అక్కడితో సరి. కూలిన పదార్థం గుండ్రంగా లేకపోయినా ఈ గతి తప్పదని రోజర్ పెన్‌రోజ్ 1965లో నిరూపించాడు, 2020 నోబెల్‌లో సగభాగం అందుకే. ఆ నిరూపణకు కీలకమైన సమీకరణం 1955లో కోల్‌కతా నుంచి అమల్‌కుమార్ రాయ్‌చౌధురి రాసినది.

సూళ్లూరుపేట | ఆదివారం రాత్రి 9:10

బ్యాంకు సారు రెండో సందేహం నా వంతు. చూడకుండా ఎలా నమ్మాలంటే, గాలిని ఎలా నమ్ముతున్నామో అలాగే, కదిలే ఆకును చూసి.

హంస రాశిలో 1964లో ఒక రాకెట్ ఎక్కించిన పరికరానికి బలమైన ఎక్స్‌రే వెలుగు తగిలింది. దానికి సిగ్నస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. అక్కడ ఒక పెద్ద నీలి నక్షత్రం 5.6 రోజులకు ఒకసారి దేని చుట్టూనో తిరుగుతోంది, ఆ దేనికో వెలుగు లేదు. నక్షత్రం తిరిగే వేగం నుంచి కనిపించని జంట బరువు రాబడితే సుమారు 21 సూర్యుళ్లు వచ్చింది. అంత బరువుతో, అంత చిన్న చోట, వెలుగు లేకుండా ఉండగలిగేది మరొకటి లేదు. నీలి నక్షత్రం నుంచి లాగిన వాయువు తిన్నగా లోపలికి పడదు. నీళ్లతొట్టి మధ్యలో బిరడా తీస్తే నీరు సుడి తిరిగినట్లు పళ్లెంలా చుట్టూ తిరుగుతూ, ఒరుసుకుని కోట్ల డిగ్రీలకు వేడెక్కుతుంది. ఎక్స్‌రేలు ఆ పళ్లెం నుంచి వచ్చేవే, బిలం నుంచి కాదు. స్టీఫెన్ హాకింగ్ కూడా అది కృష్ణబిలం కాదని 1974లో తోటి శాస్త్రవేత్త కిప్ థార్న్‌తో పందెం కట్టి 1990లో ఓడిపోయినట్లు ఒప్పుకున్నాడు కనుక, సారు సందేహానికి మంచి తోడే ఉంది.

ఇలా ఎక్స్‌రేలను పట్టే పని మన జిల్లాకు దూరం కాదు. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనే ఉంది. 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1 ఉదయం ఎక్స్‌పోశాట్ అనే ఖగోళ పరిశీలన ఉపగ్రహాలు మా ఊరి పక్కనుంచే లేచాయి. రెండోది లేచినప్పుడు నేను మిద్దె మీద నిలబడ్డాను. పొగ గీత మేఘాల్లోకి పోయాక ఉరుము లాంటి చప్పుడు వచ్చి కిటికీ రెక్కలు గడగడలాడాయి, మా అమ్మ కొత్త సంవత్సరం ముగ్గు వదిలేసి పైకి చూసింది. ఆ ఉపగ్రహంలో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థవారు తయారు చేసిన పోలిక్స్ అనే పరికరం ఉంది. అలాంటి ఎక్స్‌రేల ప్రకంపన ఏ దిశలో ఉందో కొలవడం దాని పని, దాన్నిబట్టి కృష్ణబిలం చుట్టూ ఉన్న వేడి వాయువు ఏ ఆకారంలో ఉందో అంచనా వేస్తారు.

ఎవరినీ మింగకుండా ఊరకే ఉన్నవి కూడా దొరికాయి. 2022లో గాయా ఉపగ్రహం కొలతల నుంచి పట్టుబడినది సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, బరువు పది సూర్యుళ్లకు కొంచెం తక్కువ. సూర్యుడి లాంటి నక్షత్రం ఒకటి దాని చుట్టూ 186 రోజులకు ఒకసారి నిమ్మళంగా తిరుగుతోంది.

కాణిపాకం క్రాస్ | ఆదివారం రాత్రి 9:40

బరువు లెక్క తేలింది కనుక ఇప్పటికి ఒప్పుకుంటున్నాను. ఎవరో 2019లో ఫోటో తీశారు కదా, అది?

అలిపిరి మెట్టు | ఆదివారం రాత్రి 10:15

అది వేరే జాతి. ఎం87 అనే వేరొక గెలాక్సీ నడుమ ఉన్నది, దూరం 5.5 కోట్ల కాంతి సంవత్సరాలు, బరువు 650 కోట్ల సూర్యుళ్లు. భూమి మీద ఖండఖండాల రేడియో దుర్భిణులను ఒకటిగా కలిపి తీసిన ఆ చిత్రం 2019 ఏప్రిల్ 10న విడుదలైంది. మన పాలపుంత నడిమిదాని చిత్రం 2022 మే 12న వచ్చింది. మనది 40 లక్షల సూర్యుళ్లకు పైబడినది, సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఎస్2 అనే నక్షత్రం దాని చుట్టూ పదహారేళ్లకు ఒక చుట్టు చుట్టడాన్ని గెంజెల్, ఘెజ్ అనే శాస్త్రవేత్తల బృందాలు ఏళ్ల తరబడి గమనించాయి.

ఇంత పెద్దవాటి దగ్గర మన ఊహ తలకిందులవుతుంది. వ్యాసార్ధం బరువుతో సమానంగా పెరుగుతుంది, ఘనపరిమాణం అంతకన్నా ఎంతో వేగంగా పెరుగుతుంది. అందుకే ఎం87 కృష్ణబిలం బరువును దిగంతం లోపలి చోటుతో భాగిస్తే సగటు సాంద్రత మనం పీల్చే గాలి కన్నా తక్కువ వస్తుంది. దాని దిగంతం దాటేవారికి ఆ క్షణంలో ఏమీ తెలియదు. చిన్న కృష్ణబిలం అయితే పాదాన్ని తల కన్నా గట్టిగా లాగి, దిగంతం చేరకముందే మనిషిని సేమ్యాలా సాగదీస్తుంది.

ఇవి ఎలా పుట్టాయన్నది మాత్రం మా రంగంలో ఇంకా తెగని పంచాయితీ. విశ్వం పుట్టి 67 కోట్ల ఏళ్లు గడిచేసరికే 160 కోట్ల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఒకటి ఉన్నట్లు 2021లో ప్రకటించారు. ఒక మామూలు నక్షత్రపు బూడిద అంత త్వరగా అంత తినలేదు. తొలి రోజుల వాయు మేఘాలు నక్షత్రాలుగా విడిపోకుండా నేరుగా కూలి లక్ష సూర్యుళ్ల గింజగా మొదలయ్యాయన్నది ఒక వాదం, కిక్కిరిసిన నక్షత్రాల గుంపులో ఒకటినొకటి కలుపుకుంటూ పెరిగాయన్నది మరొకటి. రెండు కృష్ణబిలాలు కలవడం మాత్రం ఊహ కాదు. 2015 సెప్టెంబరు 14న గురుత్వాకర్షణ తరంగాలను పట్టే లైగో పరికరాలకు తగిలిన అలలో 36, 29 సూర్యుళ్ల బరువున్నవి కలిసి 62గా మిగిలాయి.

కాణిపాకం క్రాస్ | ఆదివారం రాత్రి 10:25

36, 29 కలిస్తే 65 రావాలి. మూడు తగ్గింది.

అలిపిరి మెట్టు | ఆదివారం రాత్రి 10:40

ఆ మూడు సూర్యుళ్లే గురుత్వాకర్షణ తరంగాలుగా మారి, 130 కోట్ల ఏళ్లు ప్రయాణించి మన దగ్గరికి వచ్చాయి.

పాకాల పంతులు | సోమవారం సాయంత్రం 6:20

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు పెనం నుంచి మొదలుపెట్టాను. పొంగు, పిప్పి అనేసరికి సగం తరగతి చేతులెత్తింది, వాళ్ల ఇళ్లలో గానుగలున్నాయి. ఇనుము అసలైన బూడిద అన్నప్పుడు ఆ అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. ఘాట్ రోడ్డు చెప్పాను, ఆగిపోయిన కారు సంగతి కూడా చెప్పాను.

పాఠం అయ్యాక ఆమె వరండాలో ఆపి, "సార్, వెలుగు కూడా బయటికి రాలేనప్పుడు లోపలి బూడిద బరువు బయట తిరిగే నక్షత్రానికి ఎలా తెలుస్తోంది? లాగుడు మాత్రం ఎలా బయటికి వస్తోంది?" అని అడిగింది. ఈసారి బుధవారం దాకా గడువు తీసుకున్నాను.

అలిపిరి మెట్టు | సోమవారం రాత్రి 7:30

మాస్టారూ, మా విభాగంలో మొదటి ఏడాది పరిశోధకులు అడిగే ప్రశ్న ఇది. లాగుడు లోపలినుంచి బయటికి రావడం లేదని చెప్పండి. ఆ ముద్ద నక్షత్రంగా ఉన్నప్పుడే దాని చుట్టూ ఉన్న స్థలకాలం (స్థలం, కాలం కలిసిన అల్లిక) వంగి ఉంది. ముద్ద కూలి దిగంతం వెనక్కి పోయినా, బయట ఏర్పడి ఉన్న వంపు తనను తానే నిలబెట్టుకుంటుంది, దానికి లోపలినుంచి కబురు అందవలసిన అవసరం లేదు. చుట్టూ తిరిగే నక్షత్రం తన కాలి కింది వంపును బట్టి నడుస్తుందే తప్ప కేంద్రంలో ఏముందో కనుక్కుని కాదు. కొత్తగా ఏదైనా లోపలికి పడితే, అది దిగంతం చేరేలోపే తన బరువు వంతు వంపును బయట చేర్చి పోతుంది.

వీలుంటే ఆ అమ్మాయిని వచ్చే వేసవిలో ఒక రాత్రి దీపాలు లేని పొలం గట్టు మీదికి తీసుకువెళ్లండి. మన అక్షాంశం నుంచి చూస్తే మూలా నక్షత్రానికి పైన కొంచెం తూర్పుగా, దక్షిణ ఆకాశంలో దాదాపు సగం ఎత్తున పాలపుంత బాగా దట్టంగా కనిపించే చోటు ఒకటి ఉంటుంది. 40 లక్షల సూర్యుళ్ల బరువున్న ఆ కృష్ణబిలం ఉన్నది ఆ దిక్కునే.

చెరకుతోట | సోమవారం రాత్రి 8:05

మా తోట గట్టు మీద ఒక్క దీపం కూడా ఉండదు, మాస్టారూ. పిల్లలను తీసుకురండి, ఆ రాత్రికి చెరకురసం నాది.